జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

నేను జూలై ఒకటిన పుట్టలేదు. పామర్రులో నన్ను బడిలో వేసిన రోజున మాస్టారు మా నాన్నని, "పిల్ల ఎప్పుడు పుట్టిందండీ?" అని అడిగారు. నాన్న కాసేపు ఆలోచించి, "ఊడ్పులప్పుడండీ" అన్నారు. మాస్టారి రిజిస్టరులో ఊడ్పులకి గడి లేదు. ఆయన జూలై ఒకటి అని రాసేశారు. ఆ వారం నాతోపాటు చేరిన పిల్లలందరికీ అదే తేదీ పడింది. క్లాసు క్లాసంతా కవలలం.

ఆ తర్వాత నా చదువూ ఉద్యోగమూ ఆ తేదీ మీదే నడిచాయి. రిటైరైనప్పుడు కూడా ఆఫీసు పిల్లలు అదే తేదీన కేకు కోయించారు. నేను పుట్టిన అసలు రోజు ఏదో ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడంలో ఇబ్బందేమీ లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడంలో ఉంది ఇబ్బంది. ఈ కథంతా దాని గురించే.

ప్రోగ్రామింగులోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్నొక ప్రశ్న తరచూ అడుగుతారు. "మేడమ్, సి భాషా, పాయింటర్లూ, ఫైళ్ళూ, ఈ పునాదులన్నీ ఇప్పుడు నేర్చుకోవాలంటారా? డైరెక్టుగా ఏదో ఒక ఫ్రేమ్‌వర్కు పట్టుకుంటే సరిపోదా?" నేను గొంతు సవరించుకునేలోపే వాళ్ళ బస్సు వచ్చేస్తుంది. అందుకని జవాబు కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నా తెలివి తక్కువ, తెలివితక్కువతనం ఎక్కువ. ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చిన సంగతి కూడా ఉంది. తెచ్చింది నేనే.

రెండు గ్లాసులు

తొంభై రెండులో నా మొదటి ఉద్యోగం గవర్నర్‌పేటలో, ఒక జిరాక్సు షాపు పైన, రెండు గదుల ఆఫీసులో. ఒక గదికి ఏసీ ఉండేది. అది కంప్యూటర్ల కోసం. మేం వాటి పక్కన కూర్చుంటాం కాబట్టి మాకూ కాస్త గాలి తగిలేది.

యజమాని రహీమ్ గారు. వాళ్ళ నాన్నగారికి వన్‌టౌన్‌లో గడియారాలు బాగుచేసే కొట్టు. రహీమ్ గారు చిన్నప్పుడు కంటికి భూతద్దం తగిలించుకుని ఆ కొట్లోనే పెరిగారు. ఏ వస్తువు చూసినా విప్పి చూడాలనే జబ్బు అక్కడే పట్టుకుంది. నా ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు చూడనే లేదు.

"ఎప్పుడైనా మిక్సీ విప్పారా అమ్మా?"

"విప్పానండీ."

"మళ్ళీ బిగించారా?"

"బిగించాను. ఒక స్క్రూ మిగిలింది."

"రేపట్నుంచి రండి. మిగల్చనివాళ్ళు ఉండరు. మిగిలిందని చెప్పేవాళ్ళు తక్కువ."

నాకు అప్పగించిన మొదటి పని ఏలూరు రోడ్డులోని ఒక ఆసుపత్రికి చీటీల ప్రోగ్రాము. రోగి పేరు కొడితే పాత వివరాలు తెర మీదకి రావాలి. ఊరు, వయసు, ఉన్న జబ్బులు, పడని మందులు. రెండు వారాలు కూర్చుని సి భాషలో రాశాను. పేరు కొట్టాను. "లేరు" అంది. అప్పుడే ఎక్కించిన పేరు కొట్టినా "లేరు" అంది. చివరికి నా పేరే ఎక్కించి, నా పేరే కొట్టాను. సత్యవతి లేరు. కుర్చీలో ఉన్నాను, కంప్యూటర్లో లేను.

రహీమ్ గారు నా వెనక నిలబడి చూశారు. కింద నుంచి రెండు టీలు తెప్పించి, గ్లాసులు రెండూ నా ముందు పెట్టారు.

"ఈ రెండు గ్లాసులూ ఒకటేనా అమ్మా?"

"ఒకటేనండీ."

ఆయన ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. "మరి మీ టీ కూడా నేను తాగేసినట్టేగా?"

నేను ఉలిక్కిపడి నా గ్లాసు దగ్గరికి లాక్కున్నాను. ఆయన నవ్వారు. "చూశారా, ఒకటి కాదని మీకు తెలుసు. నోటికి తెలీదంతే."

తెలుగులో "ఒకటే" అనే మాట మహా గడుసుది. ఒక్కటి మాత్రమే అన్నా అదే మాట, ఒకేలా ఉన్నాయన్నా అదే మాట. "రెండూ ఒకటే" అని రోజుకి పదిసార్లు అంటాం. లెక్కల మాస్టారు వింటే గుండె పట్టుకోవాలి. నేను ప్రోగ్రాములో చేసింది కూడా ఈ తికమకే. రెండు పేర్లు ఒకటేనా అని అడిగే చోట వాటి మధ్య రెండు సమానం గుర్తులు పెట్టాను. సి భాషలో ఆ గుర్తు పేర్లలోని అక్షరాలని పోల్చదు. ఆ అక్షరాలు కంప్యూటర్ మెమరీలో ఏ చిరునామాలో కాపురముంటున్నాయో ఆ చిరునామాలని పోలుస్తుంది. ఫైల్లో ఉన్న సత్యవతి ఒక చోట, నేను కొట్టిన సత్యవతి ఇంకో చోట. చిరునామాలు వేరు కాబట్టి మనుషులు కూడా వేరని తేల్చేసింది. దాని మాట దానికి న్యాయమే.

ఆ పూటే అక్షరం అక్షరం పోల్చే పద్ధతికి మార్చాను. రహీమ్ గారు ఇంకో మాట కూడా చెప్పారు. "మనిషిని పేరు పెట్టి పిలవండి, నంబరు పెట్టి వెతకండి." అందుకని ప్రతి రోగికీ ఒక చీటీ నంబరు ఇచ్చి, దాన్ని చిన్న కార్డు మీద అచ్చు వేసి చేతిలో పెట్టేవాళ్ళం. ఈ మాట నా నోట్‌బుక్కులో రాసుకుని, కింద గీత కూడా గీశాను. గీత గీసిన మాటలే మనిషి ముందుగా మర్చిపోతాడని తర్వాత అర్థమైంది.

ఇంట్లో పట్టించిన కారం

ఇంతవరకూ చదివి రహీమ్ గారికి దండ వెయ్యకండి. ఆయన వల్ల నేర్చుకున్నది ఎంతుందో, ఆయన్ని చూసి నేర్చుకున్నదీ అంతే ఉంది. ఈ రెండూ మాత్రం ఒకటి కాదు.

ఆయన బయటి సరుకు ఏదీ వాడనిచ్చేవారు కాదు. పేర్లు అక్షరక్రమంలో పెట్టే ప్రోగ్రాము బజార్లో రెడీమేడుగా దొరుకుతున్నా మనమే రాయాలి. ప్రింటరుకి పంపేది మనమే రాయాలి. తెర మీద పెట్టెలు గీసేది మనమే రాయాలి. గన్నవరంలో ఒక కాలేజీవాళ్ళు మార్కుల జాబితాల కోసం వచ్చారు. రహీమ్ గారు మార్కులు పక్కనబెట్టి, తెర మీద పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎలా తెరుచుకోవాలనే పరిశోధనలో పడ్డారు. అద్భుతంగా తెరుచుకునేవి. ఈలోపు రెండు పరీక్షలు అయిపోయాయి. ఏడో నెలలో కాలేజీ కరస్పాండెంటు గారు స్వయంగా వచ్చారు.

"రహీమ్ గారూ, మీది ఇంట్లో పట్టించిన కారమని నాకు తెలుసండీ. కానీ విస్తళ్ళు వేసి ఏడు నెలలైంది."

ఆ పనిని ఇంకొకాయన రెడీమేడ్ సామానుతో ఒక నెలలో చేసిచ్చారు. అంత బాగా ఏమీ లేదు. కానీ ఉంది. మాది చాలా బాగుండేది, కాకపోతే లేదు. ఇలాంటివి ఇంకో మూడు జరిగాక రెండువేల ఒకటిలో రహీమ్ గారు ఆఫీసు మూసేసి, నాన్నగారి గడియారాల కొట్లో కూర్చున్నారు. నిక్కచ్చిగా చెప్పాలంటే ఆయన్ని ముంచింది పునాదులు కాదు. జీవితమంతా పునాదులే తవ్వుతూ గోడ లేపకపోవడం.

నేను అదే వీధిలో చిన్న ఆఫీసు పెట్టుకున్నాను. ఆసుపత్రి పని నాతోపాటు వచ్చింది. గన్నవరం నుంచి ఫణి అనే ఇంజినీరు చేరాడు. నేను నాలుగు రోజులు కుస్తీ పట్టే పని టీ చల్లారేలోపు చేసి చూపించేవాడు. అంతా ఫ్రేమ్‌వర్కు మహిమ. ఫ్రేమ్‌వర్కు అంటే, మీకు తెలియనిది కాదు, ఇల్లు కట్టేవాడికి తలుపులూ కిటికీలూ మెట్లూ ముందే చేసి ఉంచిన కార్ఖానా లాంటిది. మనం బిగించుకోవడమే. మొదట్లో "ఫ్రేమెక్కువ, వర్కు తక్కువ" అని వెటకారం చేసేదాన్ని. ఆర్నెల్లు తిరక్కుండా ఆ ఫ్రేములో నా ఫోటో కూడా పెట్టేశాను. దండ ఒక్కటే తక్కువ.

గడి ఖాళీగా ఉండకూడదట

రెండువేల నాలుగులో ఆసుపత్రి పాత ప్రోగ్రాము తీసేసి కొత్తది పెట్టమంది. ఫణి ఆరు వారాల్లో చేశాడు. రంగులు, బొమ్మలు, నొక్కితే తెరుచుకునే పేజీలు. పన్నెండేళ్ళ నా నల్ల తెర దాని పక్కన విధవలా ఉందని ఆసుపత్రి మేనేజరే అన్నాడు. బాధపడలేదు. నాకూ అలాగే అనిపించింది.

పాత రోగుల వివరాలు కొత్తదాంట్లోకి ఎక్కించే రోజు ఫణి తల గోక్కుంటూ వచ్చాడు.

"మేడమ్, పుట్టిన తేదీ లేకపోతే సేవ్ అవట్లేదు. తప్పనిసరట."

"ఎవరన్నారు?"

"ఫ్రేమ్‌వర్కు."

"మన పాతదాంట్లో వయసు మాత్రమే అడిగాం కదా."

"వయసుని బట్టి సంవత్సరం లెక్కేస్తాను. తేదీ, నెల ఏం వెయ్యమంటారు?"

నాకు నవ్వొచ్చింది. "జూలై ఒకటి వెయ్యి నాయనా. మా మాస్టారు మా ఊరందరికీ అదే వేశారు."

ఇద్దరం నవ్వుకున్నాం. అతను వేశాడు. నా ఉద్యోగ జీవితంలో ఇంత ఖరీదైన జోకు ఇంకోటి వెయ్యలేదు.

మన వైపు పెద్దవాళ్ళు వయసు ఎలా చెబుతారో మీకు తెలుసు. "ఎంతుంటాయండీ?" అంటే "అరవై వేసుకోండి" అంటారు. యాభై ఏడు అని చెప్పిన పెద్దావిణ్ణి నేను చూడలేదు. అంటే ఒకే ఏడాది వచ్చి అరవై అని చెప్పినవాళ్ళందరూ మా లెక్కలో ఒకే సంవత్సరం, ఒకే నెల, ఒకే తేదీన పుట్టారు. ఇక పేర్లంటారా, మన జిల్లాలో ఒక ఇంటిపేరుతో ఎందరు వెంకటేశ్వరరావులు! షేక్ ఇంటిపేరుతో ఎందరు మస్తాన్‌బీలు!

ఎక్కించడం అయ్యాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. కొందరి వివరాలు రెండుసార్లు ఉన్నట్టున్నాయి, కలిపెయ్యమంటారా అని. పేరూ పుట్టిన తేదీ కలిస్తే ఒకే మనిషి అని దాని నమ్మకం. రోగులు కార్డు పోగొట్టుకుని వచ్చి కొత్త నంబరు తీసుకోవడం మామూలే, వాళ్ళే అయ్యుంటారనుకున్నాను. ఇన్నేళ్ళ చెత్త ఒక్క దెబ్బతో ఊడ్చేస్తుందని ముచ్చటపడ్డాను. ఫణి మౌసు మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. "ఇలా ఇవ్వు" అని మౌసు తీసుకుని అవునని నేనే నొక్కాను.

అది ఇద్దరిలో కొత్తగా వచ్చినవాళ్ళ వివరాలు ఉంచి, పాతవాళ్ళవి తుడిచేసింది. వెంటనే బ్యాకప్ తీయమన్నాను. నేను చాలా జాగ్రత్తగల మనిషిని. కలిపేసిన తర్వాత తీయించాను. ఆసుపత్రి పాత కంప్యూటరుని ఆ సాయంత్రమే చెరిపేసి ఎవరికో ఇచ్చేశారు.

"నాకు షుగరెక్కడిదమ్మా?"

మూడు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున ఆసుపత్రి నుంచి హెడ్ నర్సు మేరీ గారు ఫోను చేశారు. "ఒకసారి రండి మేడమ్. ఇక్కడ ఒకావిడ మీ కంప్యూటర్తో గొడవ పడుతోంది."

నేనూ ఫణీ వెళ్ళాం. మంచం మీద అరవై దాటిన మనిషి, సన్నగా, కుడి పక్క పొట్ట పట్టుకుని కూర్చునుంది. షేక్ మస్తాన్‌బీ, కొండపల్లి. భర్త చెక్క బొమ్మలు చెక్కితే ఈవిడ రంగులు వేస్తుందట. గోళ్ళ కింద ఎర్ర రంగు ఇంకా ఉంది. పిత్తాశయంలో రాళ్ళు. సోమవారం పొద్దున ఆపరేషను.

మేరీ గారు మా ఎదుట మళ్ళీ అడిగారు. "షుగరుకి ఏం మాత్రలు వాడుతున్నారు?"

"నాకు షుగరెక్కడిదమ్మా? పొద్దున లేస్తే బెల్లం టీ తాగుతాను."

"ఇందులో షుగరుందని ఉందే. మీది పామర్రే కదా?"

"పామర్రు నేను బస్సులోంచి కూడా చూళ్ళేదు. ఆ కంప్యూటర్లో ఉన్నది నేను కాదు తల్లీ."

ఫణి కిసుక్కున నవ్వాడు. నేను కూడా నవ్వేదాన్నే. కానీ ఆవిడ ఆగలేదు.

"అది సరే గానీ, నాకు పడని సూది సంగతి అందులో ఉందా? ఆరేళ్ళ కిందట ఇక్కడే సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి, నాలుక ఉబ్బి, మాట పోయింది. బతకదన్నారు."

"ఏం సూదండీ అది?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా? పేరు అడిగితే అప్పటి డాక్టరుగారు, 'నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు మస్తాన్‌బీ, కంప్యూటర్లో రాశాం' అన్నారు. కంప్యూటర్నే అడుగు."

తెర మీద, పడని మందులు అన్న చోట, "ఏమీ లేవు" అని ఉంది.

ఫణి నవ్వు ఆగిపోయింది. పాత కేసు కాగితాలు అటక మీద చెదలు తినేశాయని మేరీ గారు చెప్పారు. సర్జన్ గారు వచ్చి అంతా విన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

"చూడండి సత్యవతి గారూ. ఏ మందైనా ముందు చుక్క వేసి పరీక్ష చేస్తాం. పోయినసారి ఆ చుక్కకే ఈవిడ అలా అయిందేమో నాకు తెలీదు. మందు పేరు కావాలి. వాయిదా వేద్దామంటే ఆ నొప్పి వాయిదా పడదు. సోమవారం ఎనిమిదింటికి."

వరండాలోకి వచ్చాక ఫణి మెల్లగా అన్నాడు. "మేడమ్, జూలై ఒకటి..."

"అవును ఫణీ. వెయ్యమన్నదీ నేనే, నొక్కిందీ నేనే."

తొంభై రెండులో నా ప్రోగ్రాము ఒక్క మనిషిని ఇద్దరనుకుంది. ఇప్పుడు ఇద్దరిని ఒక్కరనుకుంది. పన్నెండేళ్ళలో నేను సాధించిన పురోగతి అది.

మిగిలిన స్క్రూ

ఫణి బండి మీద వన్‌టౌన్ వెళ్ళాం. చుట్టూ గోడ గడియారాలు తలో టైము చూపిస్తుంటే మధ్యలో రహీమ్ గారు భూతద్దంతో కూర్చునున్నారు. తలెత్తకుండానే, "ఏ స్క్రూ మిగిలింది సత్యవతమ్మా?" అన్నారు.

చెప్పాను. ఏమీ దాచలేదు. విని ఆయన లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో కలరా ఉండల మధ్య ఫ్లాపీలు. ఆఫీసు మూసేదాకా మూడు నెలలకోసారి ఆసుపత్రి ఫైలు కాపీ తీసి ఉంచేవారు. ఎవరూ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

కొట్లో మూలనున్న పాత కంప్యూటర్లో ఒక్కొక్కటే పెట్టాం. మొదటి రెండూ చదివింది గానీ, అవి మస్తాన్‌బీ రాకముందు తీసినవి. మూడోది, ఆఫీసు మూసేముందు తీసిన ఆఖరి కాపీ, గరగరమని ఆగిపోయింది. ఫణి తన లాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేరుతో ప్రయత్నించాడు.

"ఓపెన్ అవట్లేదు మేడమ్. ఫైలు చెడిపోయిందంటోంది."

రహీమ్ గారు అద్దం తీశారు. "ఒక్క పన్ను అరిగితే గడియారం ఆగుతుంది నాయనా. అంతమాత్రాన పళ్ళన్నీ అరిగినట్టా? ఫైలు చెడలేదు. ఫైల్లో ఒక చోట చెడింది. లోపల చూడు."

"లోపల ఎలా చూస్తామండీ?"

"నేర్పలేదా?"

"నేర్పారండీ, పరీక్షకి. తర్వాత ఎప్పుడూ అవసరం రాలేదు."

"అదీ నిజమేలే," అన్నారు రహీమ్ గారు. గదమాయిస్తారనుకున్నాను. వయసు ఆయన్నీ మెత్తబరిచింది.

సంగతేమిటంటే, ఆ పాత ఫైల్లో ప్రతి రోగికీ సరిగ్గా నూట ఇరవై ఎనిమిది అక్షరాల జాగా ఇచ్చాను. పేరు చిన్నదైనా పెద్దదైనా అంతే. రైలు పెట్టెల్లాగా అన్నీ ఒకే పొడుగు. మధ్యలో ఒక పెట్టె పట్టాలు తప్పినా, పొడుగు తెలుసు కాబట్టి దాన్ని దాటి అవతలి పెట్టెల్ని లెక్కపెట్టుకోవచ్చు. ఆ మాత్రం ప్రోగ్రాము ఇరవై లైన్లు. నేను కూర్చుని రాశాను. మూడు చోట్ల సెమికోలన్ మర్చిపోయాను. చెయ్యి మొద్దుబారింది.

తెర మీద వరసలు పడ్డాయి. అన్నీ వంకర. పేరు గడిలో సగం ఊరు, ఊరి గడిలో సగం వయసు. ఫైలు నిజంగానే పాడయిందేమో అనుకుంటుంటే, ఫణి తెరకి ముక్కు ఆనించి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"మేడమ్, ప్రతిదీ ఆరు అక్షరాలే జరిగింది. ఎక్కడ చూసినా ఆరే. ముందు ఏమైనా పెట్టారా?"

పెట్టాను. ఫైలు మొదట్లో ఆరు అక్షరాల తలకట్టు ఒకటి, రోగుల లెక్క కోసం. తలకట్టు ఫైల్లో ఉంది గానీ నా తలలోంచి ఊడిపోయింది. ఫణి తనే ఆ ఆరూ వదిలేసి మళ్ళీ నడిపాడు. వరసలన్నీ టపటపా సర్దుకుని నిలబడ్డాయి. ఆ క్షణంలో అతని మొహం చూడాలి. నేను మిక్సీ విప్పిన రోజున నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

మస్తాన్‌బీలు ఇద్దరూ ఉన్నారు. ఒకరిది పామర్రు, షుగరు. ఒకరిది కొండపల్లి, పెన్సిలిన్ పడదు. అయినా నాకు ధైర్యం చాల్లేదు. కొండపల్లిలో ఇంకో మస్తాన్‌బీ లేదని ఎవరు చెప్పొచ్చారు? మేరీ గారికి ఫోను చేశాం. ఆవిడ పక్కనే నిలబడి మస్తాన్‌బీ చేత ఆకువక్కల సంచీ వెతికించారు. పాత చీటీ కార్డు సంచీ అడుగున, సున్నం మరకలతో ఉంది. మేరీ గారు నంబరు చదివారు. ఫ్లాపీలోదానితో కలిసింది. మనిషిని పేరు పెట్టి పిలవండి, నంబరు పెట్టి వెతకండి. గీత గీసుకున్న మాట.

రహీమ్ గారు టీ తెప్పించారు. మూడు గ్లాసులు వరసగా పెట్టి, "నాయనా, ఈ గ్లాసులన్నీ ఒకటేనా?" అన్నారు.

ఫణి నా వైపు చూశాడు. నేను గడియారాల వైపు చూశాను.

"మీరు తాగేదాకా ఒకటేనండీ," అన్నాడు ఫణి.

రహీమ్ గారు నవ్విన నవ్వుకి బల్ల మీది స్ప్రింగొకటి ఎగిరి ఎక్కడో పడింది. దాన్ని ముగ్గురం వెతికాం. వెతుకుతుండగా నేను ఆ ఫ్రేమ్‌వర్కుని నాలుగు తిట్లు తిట్టాను. ఆయన బల్ల కింద నుంచే అడ్డుపడ్డారు.

"దాన్నెందుకమ్మా అంటారు? అది పుట్టిన తేదీ అడిగింది. మీరు అబద్ధం చెప్పారు. అది నమ్మింది. నమ్మడం దాని తప్పా?"

తెలియదు

ఆదివారమంతా కలిసిపోయినవాళ్ళని విడదీశాం. రెండుసార్లు నమోదైన ఒకే మనుషులు చాలామంది ఉన్నారు, వాళ్ళని కలపడం సబబే. నిజంగా ఇద్దరైనవాళ్ళు కూడా తక్కువేమీ లేరు. చెడిపోయిన ముక్కలో ఇరుక్కున్న కొద్దిమంది సంగతి ఎటూ తేలలేదు. ఆఫీసు మూతపడ్డాక వచ్చినవాళ్ళు ఫ్లాపీల్లో ఉండనే ఉండరు. వాళ్ళకి పడని మందులు అన్న చోట ఏం రాయాలి? "ఏమీ లేవు" అని రాస్తే అబద్ధం. ఖాళీ వదిలితే అది కూడా "లేవు" లాగే కనిపిస్తుంది. "తెలియదు, రోగిని అడగండి" అని ఎర్ర అక్షరాలతో పెట్టాం. సున్నా వేరు, తెలియకపోవడం వేరు. మా మాస్టారి రిజిస్టరులో లేని గడి అదే.

పుట్టిన తేదీ తప్పనిసరి కాకుండా చెయ్యడం కుదురుతుందేమో చూడమన్నాను ఫణిని. పది నిమిషాల తర్వాత మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు.

"ఒక్క లైను మేడమ్. మొదట్నుంచీ ఉంది. నేనే చూళ్ళేదు."

ఫ్రేమ్‌వర్కు వద్దనలేదు. మేం అడగలేదు. అందుకని, బస్సు కోసం నిలబడ్డ పిల్లలకి నా జవాబు ఇది. ఫ్రేమ్‌వర్కు వాడండి. వాడకపోతే విస్తళ్ళు ఎండిపోతాయి. కానీ అది అడిగే ప్రతి ప్రశ్న దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఎందుకు అడుగుతోందో, మీ జవాబుతో లోపల ఏం చేస్తుందో ఆరా తియ్యండి. ఆ ఆరా తియ్యడానికే పునాదులు. సి భాష ఇప్పుడు మీకు అన్నం పెట్టకపోవచ్చు. కానీ "ఒకటే" అంటే ఏమిటో, "లేదు" అంటే ఏమిటో, ఫైలంటే అక్షరాల వరసే తప్ప మంత్రమేమీ కాదనీ అది నేర్పుతుంది. ఒక ఏడాది విప్పి చూడండి, స్క్రూలు మిగల్చండి. తర్వాత మీ ఇష్టం.

సోమవారం ఏడున్నరకి మందు పేరు రాసిన కాగితం సర్జన్ గారి చేతిలో పెట్టాను. ఆయన చదివి తలూపి లోపలికెళ్ళారు. స్ట్రెచరు మీద మస్తాన్‌బీ నన్ను గుర్తుపట్టింది.

"దొరికానా అమ్మా?"

"దొరికారండీ. మీరూ, మీతోపాటు ఇంకొకావిడా."

"ఎవరావిడ?"

"పామర్రు మస్తాన్‌బీ గారు. షుగరు ఆవిడది."

"పాపం," అంది. స్ట్రెచరు కదులుతుంటే తల పక్కకి తిప్పి, "రమ్మనండి, చూస్తాను," అంది.

ఆపరేషను చక్కగా జరిగింది. నాలుగో రోజున పామర్రు మస్తాన్‌బీ వివరాలు సరిచూడ్డానికి ఆసుపత్రివాళ్ళు ఆవిణ్ణి పిలిపించారు. నేనూ ఫణీ వెళ్ళేసరికి వరండాలో బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఆకూ వక్కా ఇచ్చిపుచ్చుకుంటున్నారు. పామర్రు ఆవిడ బొద్దుగా, నల్లగా, పెద్ద గొంతు. ఈవిడ సన్నగా, రంగు గోళ్ళతో. ఒకరిలో ఒకరికి పోలికే లేదు.

ఫణి కొండపల్లి ఆవిణ్ణి అడిగాడు. "మీరు నిజంగా ఎప్పుడు పుట్టారండీ?"

"మామిడికాయలు కోసేటప్పుడంట నాయనా. మా అమ్మ చెప్పేది."

"నేను చలికాలం," అంది రెండో ఆవిడ, ఎవరూ అడక్కుండానే.

ఇంతలో కొత్త నర్సు ఒకమ్మాయి తలుపు తీసి కేకేసింది. "షేక్ మస్తాన్‌బీ!"

ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఫణి గుండె పట్టుకున్నాడు. "నంబరు చెప్పి పిలువమ్మా!" అని గట్టిగా అరిచాను నేను, వరండా అంతా తిరిగి చూసేలా.

కొండపల్లి మస్తాన్‌బీ నా భుజం తట్టింది.

"కంగారు పడకమ్మా. మేమిద్దరం ఒకటేలే. సూదులే వేరు."